ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు రమ్మన్నది దేవుడి పిలుపేనా?

ప్రశ్న: రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఉపవాస ప్రార్థనల చివరి రోజు దేవుడు నన్ను పూర్తికాల సేవకు పిలుస్తున్నట్టు గట్టిగా అనిపించింది. జనవరి 1న సంఘంలో తీసిన వాగ్దాన కార్డులో (బైబిలు వచనం అచ్చువేసిన కార్డు) కూడా ఆదికాండము 12:1 వచ్చింది, అబ్రాముతో దేవుడు ‘నీ దేశాన్ని, నీ తండ్రి ఇంటిని విడిచి వెళ్లు’ అన్న మాట. ఆలస్యం చేస్తే అవిధేయతే అని ప్రసంగీకులు అన్నారు. చెల్లి పెళ్లికి చేసిన అప్పు ఇంకా ఉంది. రాజీనామా ఇచ్చేయనా?

జవాబు: బ్రదర్, ఈ నెల ఇవ్వొద్దు. మీ పిలుపు అబద్ధమని కాదు. నిజమైనదైతే ఆరు నెలలు పరీక్షించినా ఎక్కడికీ పోదు. ప్రవచనాలను చిన్నచూపు చూడొద్దని రాసిన చోటే, సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని పట్టుకోమని కూడా పౌలు రాశాడు (1 థెస్స. 5:20-21). సంఘాల్లో ఇలాంటి నిర్ణయాల ముందు కూర్చున్నవాళ్లు పదేపదే చూసే పొరపాట్లే కింద రాస్తున్నా.

ముందు కార్డు సంగతి. ఆ కార్డులు సెట్టులుగా అచ్చవుతాయి. అదే వచనం మీ సంఘంలోనే ఏ అవ్వకో వచ్చి ఉంటుంది. ఆమె ఇల్లు ఖాళీ చేసి వెళ్లలేదు కదా! ధైర్యం తెచ్చుకోవడానికి కార్డు మంచిదే, నిర్ణయానికి చాలదు. ఆ వచనం మిమ్మల్ని పట్టుకుంటే 12 నుంచి 23వ అధ్యాయం దాకా వరసగా చదవండి. హారాను విడిచినప్పుడు అబ్రాముకు 75 ఏళ్లు. వెళ్లిన చోట మొదట ఎదురైంది కరువు. సంతానమిస్తానన్న దేవుడి మాట నెరవేరడం ఆలస్యమైందని దగ్గరి దారి వెతికితే 86వ ఏట ఇష్మాయేలు పుట్టాడు, ఇంట్లో గొడవా పుట్టింది. ఇస్సాకు పుట్టేసరికి 100 ఏళ్లు. వాగ్దాన దేశంలో ఆయన చేతికి సొంతంగా వచ్చిన భూమి, శారాను పాతిపెట్టడానికి 400 తులాల వెండి పోసి కొన్న పొలం, అందులోని గుహ. విధేయత ఒక్క రాజీనామా ఉత్తరంతో తేలే పని కాదు.

‘దారి తెరుచుకుంది, అందుకే దేవుడిదే’ అనే లెక్క కూడా నమ్మొద్దు. దేవుడు నీనెవెకు వెళ్లమంటే యోనా ప్రవక్త అటు కాక యొప్పే రేవుకు వెళ్లేసరికి తర్షీషు ఓడ సిద్ధంగా ఉంది, ఛార్జీకి డబ్బూ ఉంది. అన్నీ అమరింది పారిపోవడానికే. గొఱ్ఱెబొచ్చు మంచుకు తడవాలని గిద్యోను దేవుణ్ణి గుర్తు అడిగిన పరీక్షా అంతే. ఏం చేయాలో దేవుడు ముందే చెప్పాక, భయం తీరక గిద్యోను అడిగింది అది.

ప్రసంగీకులు తెల్లారేసరికి ఇంకో ఊరి కూడికలకు వెళ్లిపోతారు. మీ అప్పు వాయిదా వాళ్లకేం తెలుసు? అంతియొకయలో పరిశుద్ధాత్మ మాట్లాడింది సంఘం మధ్యలో. ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి బర్నబాను, సౌలును (పౌలును) పంపింది కూడా ఆ సంఘమే (అపొ. 13:1-3). కాబట్టి ముగ్గురి దగ్గరికి వెళ్లండి: మీ పాస్టరుగారు, మీ బలహీనతలు తెలిసిన ఒక పెద్ద, పొగడని ఒక స్నేహితుడు. ‘నాకు పిలుపు వచ్చింది’ అని మొదలుపెట్టకండి, వాళ్లు కాదనలేరు. ‘నాలో ఏ వరం కనిపిస్తోంది, ఏ లోపం కనిపిస్తోంది?’ అని అడిగి, వాళ్లన్నది అన్నట్టు నోటుబుక్కులో తేదీతో రాసుకోండి.

ఈ ఆరు నెలలూ మైకు లేని పని ఒకటి పట్టండి. సండే స్కూల్లో అవే పదిమంది పిల్లలు, లేకపోతే వారానికి ఒకతూరి తిరుపతి రుయా ఆసుపత్రిలో మీకు తెలిసిన రోగుల దగ్గర కాసేపు. మొదటి నెల ఉత్సాహం అందరికీ ఉంటుంది. రెండో నెలలో నైట్ షిఫ్ట్ పడగానే ఎక్కువమంది జారిపోతారు. అప్పుడూ కాళ్లు అటే లాగితే ఆ సంగతి కూడా నోటుబుక్కులో రాయండి. సమూయేలు రాత్రి దేవుడి స్వరం విన్నాడు, తెల్లారి లేచి రోజూలాగే మందిరం తలుపులు తీశాడు (1 సమూ. 3:15).

చిత్తూరు నుంచి మనవాళ్లు బస్సెక్కి వెళ్లే వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రినే చూడండి. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలకు సాయం చేయమని, తర్వాత ఆ ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడర్‌ను అడిగారు. ఆమెకు వైద్యం రాదు, మగ డాక్టరుకు చూపించడానికి వాళ్లు ఒప్పుకోలేదు. ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆమె పిలుపు అక్కడే తేలింది. కానీ మర్నాడే ఆసుపత్రి పెట్టలేదు. అమెరికా వెళ్లి చదివి, 1899లో కార్నెల్‌లో వైద్య పట్టా తీసుకుని, 1900లో వేలూరులో పని మొదలుపెట్టారు. మధ్యలో గడిచిన ఆ ఏళ్లను ఎవరూ అవిధేయత అనరు.

ఇక డబ్బు. అప్పు తీరే తేదీ కాగితం మీద కనపడాలి. ఆపైన ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉండాలి. ‘ఫారిన్ సపోర్టు వస్తుంది’ అన్న మాటను ఆదాయంలో కలపొద్దు. కొరింథులో పౌలు గుడారాలు కుట్టి బతికాడు, అది విశ్వాసలోపం కాదు. దేవుడి పేరు చెప్పి అమ్మానాన్నలను గాలికొదిలేయడాన్ని యేసు కొర్బాను (దేవుడికి అర్పించేశాను అనే) మాటను ఎత్తి నేరుగా ఖండించాడు (మార్కు 7:9-13). చదువుకోవాలనుకుంటే ఆ బైబిలు కాలేజీకి, వేదాంత డిగ్రీలిచ్చే సేరంపూర్ అనుబంధం ఉందో లేదో ముందే కనుక్కోండి. డిగ్రీ తర్వాత బీ.డీ. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) అంటే ఏళ్ల మాట. ఇవేమీ లేకుండా అద్దె షెడ్డు తీసుకుని పేరు ముందు ‘పాస్టర్’ అని ఫ్లెక్సీ వేయించడమే అన్నిటికంటే చెడ్డ మొదలు.

అయితే పరీక్ష వంకతో తప్పించుకోవడమూ ఉంది. మోషే సాకు మీద సాకు చెప్పాడు, చివరికి ‘ఇంకెవరినైనా పంపు’ అన్నప్పుడు దేవుడికి కోపం వచ్చింది (నిర్గ. 4:13-14). అందుకే ఇవాళే క్యాలెండర్‌లో ఆరు నెలల తర్వాతి తేదీ ఒకటి గుర్తు పెట్టుకోండి. ఆ రోజుకు ముగ్గురూ ఒప్పుకుని, అప్పు లెక్క కుదిరాక కూడా ‘వచ్చే ఏడాది చూద్దాం’ అనిపిస్తే అది జాగ్రత్త కాదు, భయం. ఈలోపు స్పష్టంగా తెలిసినవి, అంటే మాటల్లేని అన్నతో సర్దుకోవడం లాంటివి, ఆపొద్దు. వాటికి కొత్త పిలుపేమీ అక్కర్లేదు.

వెళ్లేది ఖాయమైతే నోటీసు పీరియడ్ పూర్తిగా చేయండి, మీ పని ఇంకొకరికి నేర్పి అప్పగించండి. పీఎఫ్ అంతా ఊడ్చి తీసుకోకండి. మీ సర్వీసు ఐదేళ్లు దాటింది కాబట్టి పన్ను బాధ లేదు గానీ, పెన్షన్‌కు పదేళ్లు కావాలి. ఫారం 10సీతో పెన్షన్ డబ్బు వెనక్కి తీసుకునే బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడగండి. రేపు మళ్లీ ఉద్యోగం చేయాల్సి వస్తే ఈ ఆరేళ్లూ లెక్కలోకి వస్తాయి.