‘సున్నాలను దాచదు’ అంటే?

సందేహం: టెన్సర్ నెట్‌వర్క్ (అనేక కణాల క్వాంటం స్థితిని చిన్న చిన్న సంఖ్యల పట్టికలుగా విడగొట్టి రాసే పద్ధతి) సాఫ్ట్‌వేర్ మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ‘క్వాంటం సంఖ్యలు వాడితే ప్రోగ్రామ్ సున్నాలను దాచదు, అందుకే మెమరీ ఆదా’ అని రాస్తే, మిత్రుడు ‘దాచకపోతే బయటికి చూపిస్తుందా?’ అన్నాడు. నా వాక్యం తప్పా?
– ఎం.ఎస్‌సి. విద్యార్థి, హనుమకొండ

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ మీ మిత్రుడి అనుమానం న్యాయమైనదే. తూగు–తూచు లాగే దాగు–దాచు. దాగేలా చేయడమే దాచడం. దాగుడుమూతల్లో ఉన్నది ఈ దాగడమే. కంటబడకుండా పెట్టినది భద్రంగానూ ఉంటుంది గనుక కూడబెట్టడమనే అర్థమూ వచ్చి చేరింది. ‘బిడ్డ పెండ్లికని పైసలు దాచిపెట్టింది’ అంటే వరంగల్ వైపు ఎవరూ దొంగసొమ్ము అనుకోరు. అక్కడ పైసలే అర్థం తేల్చేస్తాయి. సున్నాలకు ఆ శక్తి లేదు. పైగా ‘దాచదు’ అనేసరికి ఒక అర్థంలో సున్నాలు లేనట్టు, రెండో అర్థంలో ఎదురుగా కనిపిస్తున్నట్టు అవుతుంది.

‘నిల్వ చేయదు’ అంటే ఆ చిక్కు తీరుతుంది. అయినా నాకు తృప్తి లేదు, కారణం భాష కాదు, విషయం. ఎలక్ట్రాన్ లాంటి స్పిన్-1/2 కణాలను రెండింటిని తీసుకోండి. ఒక్కోదాని స్పిన్ పైకో కిందికో ఉంటుంది. స్థితులు నాలుగు, కాబట్టి ఆపరేటర్ (స్థితుల మీద పనిచేసే గణిత క్రియ) పట్టికలో 16 గడులు. మొత్తం స్పిన్ జెడ్-అంశమే (నిలువు దిశలో స్పిన్ విలువ) ఇక్కడ క్వాంటం సంఖ్య. దాని విలువ +1కి ఒక స్థితి, 0కి రెండు, −1కి ఒకటి. ఆ విలువను మార్చని ఆపరేటర్ అయితే ఒకే విలువ ఉన్న స్థితులను కలిపే గడులే సున్నా కాకుండా ఉండగలవు. అంటే 1, 4, 1 గడులున్న మూడు బ్లాకులు. తక్కిన 10 గడులు, ఆ విలువ మారకూడదన్న నిత్యత్వ నియమం వల్లే సున్నా. ఐటెన్సర్ వంటి టెన్సర్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు వాటిని లెక్కగట్టి ఆపైన పారేయవు, మొదటినుంచీ చోటే ఇవ్వవు. గుణకారాల్లోనూ వాటి జోలికి పోవు గనుక మెమరీతో పాటు సమయమూ కలిసివస్తుంది. అదే, నాలుగు గడుల బ్లాకులో ఒక విలువ అనుకోకుండా సున్నా అయిందనుకోండి, అది మెమరీలో ఉండనే ఉంటుంది! కాబట్టి ‘దాచదు’ ఒక్కటే కాదు, ‘సున్నాలను’ కూడా సరిపోలేదు.

నేనైతే ఇలా రాస్తాను: ‘క్వాంటం సంఖ్యల లెక్కన సున్నా కాక తప్పని బ్లాకులకు ప్రోగ్రామ్ మెమరీలో చోటు కేటాయించదు.’ పొడుగైంది, నిజమే. శాస్త్ర వ్యాసంలో పొడుగును భరించవచ్చు, రెండర్థాలను భరించలేం.

‘క్వాంటం సంఖ్య’ను మాత్రం కదపకండి. ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్లందరికీ అలవాటైన మాట అది.