ఇన్‌చార్జికి చాడీలు చెబుతోంది... ఏం చేయను?

ప్రశ్న: మేడమ్ గారూ, నేను సోమాజిగూడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నాతోపాటు మెడికల్ వార్డులో చేసే ఒక సిస్టర్ ప్రతి చిన్న విషయమూ ఇన్‌చార్జి చెవిలో వేస్తోంది. కాస్త లేటుగా వచ్చినా, నైట్ డ్యూటీలో జ్వరంతో ఉన్న మా బాబు కోసం ఇంటికి ఫోన్ చేసినా తెల్లారేసరికి పైకి తెలిసిపోతుంది. పోయిన వారం ఒక పేషెంటుకి కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) ఊడిపోయి, రాత్రి 10 గంటల యాంటీబయాటిక్ ఆలస్యంగా ఇచ్చాను. నేను మర్చిపోయానని చెప్పిందట. ఇన్‌చార్జి అందరి ముందూ నా మీద అరిచారు. ఆ సిస్టర్‌తో మాటలు మానేశాను. డ్యూటీకి వెళ్లాలంటేనే టెన్షన్. ఉద్యోగం మానేయనా?
– ఒక నర్సు, హైదరాబాద్

జవాబు: ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం తల్లీ. మాటలు మానేశానన్నావే, నాకు దాంతోనే భయమేసింది. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ లాంటివి ఇచ్చే ముందు డోసు ఇద్దరు చూడాలి. ఆ రెండో మనిషి ఆమే అయితే ఏం చేస్తావు? ఫలానా బెడ్ పేషెంటుకి సాయంత్రం నుంచి యూరిన్ తగ్గిందని డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో నువ్వు చెప్పకపోతే, మీ ఇద్దరి గొడవతో ఏ సంబంధమూ లేని మనిషి ప్రమాదంలో పడతాడు. రేపటి నుంచే డ్యూటీ మాటలు మొదలుపెట్టు. ఇంటి సంగతులు, ఇన్‌చార్జి మీద విసుగు మాత్రం ఆమె దగ్గర ఎత్తకు.

ఇక యాంటీబయాటిక్. చార్టులో ఏం రాశావో నువ్వు నాకు చెప్పలేదు. మందు ఇచ్చిన అసలు టైము, కాన్యులా ఊడింది, కొత్తది వేశాం, డ్యూటీ డాక్టరుకి చెప్పాను అని నర్సెస్ నోట్స్‌లో ఉంటే ‘మర్చిపోయింది’ అన్న మాట నిలబడదు. ఆ పేజీ తీసి ఇన్‌చార్జికి చూపించు. అలవాటుగా 10 అనే వేసేసి ఉంటే ఇప్పుడు దాన్ని దిద్దకు, వైట్‌నర్ అసలు ముట్టుకోకు. ఉన్నదున్నట్టు ఇన్‌చార్జికి చెప్పి, ఆమె ముందే ఈ రోజు తేదీ వేసి, ఆలస్యంగా రాస్తున్నానని రాసి సంతకం పెట్టు. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో, జరిగిన పొరపాటును రాసిచ్చే ఇన్సిడెంట్ రిపోర్టు పద్ధతి ఉంటుంది. ఇలాంటిది జరిగిన వెంటనే ఆ ఫారం నువ్వే నింపు. నువ్వే ముందు చెప్పాక ఆ సిస్టర్ మోసుకెళ్లడానికి ఏమీ మిగలదు.

నీకు కష్టమనిపించినా ఇంకో మాట. మందు ఆలస్యమైందని పైకి చెప్పడం చాడీ కాదు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) పేషెంటుకి మొదటి డోసు గంట ఆలస్యమైనా ప్రాణం మీదికి రావచ్చు. తెలిసీ మూసిపెట్టే నర్సు కంటే చెప్పే నర్సే నయం. ఆమె తప్పల్లా, కారణం నిన్ను అడక్కుండా ‘మర్చిపోయింది’ అని కల్పించడం. ఆ ఒక్కదాని గురించే అడుగు. పేషెంటు అటెండర్ల ముందు కాదు, డ్యూటీ అయ్యాక డ్రెస్ మార్చుకునే గదిలో. ‘సిస్టర్, ఆ రోజు కాన్యులా ఊడింది, మర్చిపోలేదు. నా పనిలో ఏదైనా తేడా కనిపిస్తే ముందు నాకు చెప్పండి, అప్పటికీ సరిచేయకపోతే ఇన్‌చార్జికి చెప్పండి’ అను. వాదనకి దిగితే వచ్చెయ్.

లేటయ్యేలా ఉంటే బయల్దేరగానే ఇన్‌చార్జికి మెసేజ్ పెట్టు. బాబుకి జ్వరంగా ఉన్న రోజు ఫోన్ చేయాల్సి వస్తుందని డ్యూటీ ఎక్కేటప్పుడే చెప్పెయ్.

నేనూ ఏళ్ల తరబడి వార్డు ఇన్‌చార్జిగా చేసి, నర్సింగ్ సూపరింటెండెంటుగా రిటైరైనదాన్నే. అందుకే మీ ఇన్‌చార్జి మీద నాకు ఎక్కువ కోపం. అన్ని బెడ్లూ ఒక్కరే చూసుకోలేరు నిజమే, అలాగని ఒకరి మాట విని ఇంకొకరిని అందరి ముందూ నిలబెట్టడం పద్ధతి కాదు. రౌండ్స్ అయ్యాక ఆమె గదికి వెళ్లు. ‘మేడమ్, నా మీద ఏ కంప్లైంట్ వచ్చినా మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి అడగండి’ అని చెప్పు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాక కల్పించి చెప్పిన సిస్టర్‌ని నేను చూడలేదు.

అప్పటికీ మారకపోతే తేదీలతో సహా నర్సింగ్ సూపరింటెండెంటుకి రాసిచ్చి, వార్డు మార్పు అడుగు. మెమో ఇస్తే నోటితో కాకుండా కాగితం మీదే జవాబివ్వు, కాపీ నీ దగ్గర ఉంచుకో. వార్డు మార్చడానికీ ఒప్పుకోకపోతే అప్పుడు వేరే చోట చూసుకో. కానీ కోపంలో మధ్యలో మానేయకు. నోటీస్ పీరియడ్ పూర్తి చేసి, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకునే బయటికి రా. రేపు ఇక్కడైనా, గల్ఫ్‌కి వెళ్లాలన్నా ముందు అడిగేది అవే.