మేనత్త ఊరా, మెడికల్ సెంటర్ ఉన్న ఊరా?

ప్రశ్న: మా అమ్మాయి బయోటెక్నాలజీలో బీటెక్ పూర్తిచేసింది. ఎంఎస్‌కి టెక్సస్‌లో యూటీ డాలస్, యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్-క్లియర్ లేక్ రెండింట్లోనూ అడ్మిట్ వచ్చింది. మా ఆడపడుచు వాళ్లు ఫ్రిస్కోలో ఉంటారు, కాబట్టి డాలస్ అయితే మాకు ధైర్యం. తనేమో హ్యూస్టన్ అంటోంది. ఏ ఊరికి పంపమంటారు?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఫోన్‌లో మ్యాప్ తెరవండి. మనవాళ్లు ‘డాలస్’ అనేది ఒక్క ఊరిని కాదు, ఊళ్ల గుంపుని. యూటీ డాలస్ క్యాంపస్ ఉన్నది రిచర్డ్‌సన్ వైపు. ఫ్రిస్కో అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైనే. డాలస్ చుట్టుపక్కల సిటీ రవాణా సంస్థ ‘డార్ట్’ నడిపే రైళ్లు, బస్సులు రిచర్డ్‌సన్‌కి వస్తాయి గానీ ఫ్రిస్కోకి పోవు. మేనత్త ఇంట్లో ఉండి చదవాలంటే కారు కొనాలి, లేదా రోజూ ఎవరో ఒకరు దింపాలి. ఇలాగే బాబాయి ఇంట్లో దిగిన అబ్బాయి ఒకడు నాకు తెలుసు. మొదటి వారం బాబాయి దింపాడు, రెండో వారం పిన్ని దింపింది, నెల తిరక్కుండానే క్యాంపస్ దగ్గర ముగ్గురితో కలిసి రూమ్ తీసుకున్నాడు. పిన్ని చేసిన పప్పు, పచ్చడి డబ్బాలు మాత్రం శనివారం శనివారం అందేవట. చుట్టాల సాయం అంతవరకే లెక్క వేసుకోండి.

ఇక హ్యూస్టన్. 2020 జనాభా లెక్కల్లో 23 లక్షలు, అమెరికాలో నాలుగో పెద్ద నగరం. చమురు కంపెనీల ఊరని పేరు గానీ, మీ అమ్మాయి చూపు టెక్సస్ మెడికల్ సెంటర్ మీద ఉండి ఉంటుంది. ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్, బేలర్ మెడికల్ కాలేజీ లాంటివన్నీ ఒకేచోట ఉన్న, ప్రపంచంలోనే అతి పెద్ద వైద్య సముదాయం అది. ల్యాబ్‌లో పనిచేయాలనుకునే పిల్లకి అంతకంటే ఏం కావాలి! కాకపోతే ఇక్కడా పేరు చూసి మోసపోవద్దు. క్లియర్ లేక్ క్యాంపస్ నాసా జాన్సన్ స్పేస్ సెంటర్ దగ్గర, మెడికల్ సెంటర్‌కి ముప్పై కిలోమీటర్ల పైనే ఉంది. అక్కడా కారు లేకపోతే తిప్పలే.

టెక్సస్ రాజధాని ఆస్టిన్ ఊసు మీరెత్తలేదు. చిప్‌లు, సాఫ్ట్‌వేర్ చదివేవాళ్లకైతే ముందు ఆ ఊరే చెప్పేవాణ్ణి.

ల్యాబ్, రీసెర్చ్ అంటే ఇష్టమైతే నా ఓటు హ్యూస్టన్‌కే. బయోటెక్ నుంచి మెల్లగా డేటా, ఐటీ వైపు జారే ఆలోచన ఉంటే మాత్రం డాలస్ నయం. ఆ సంగతి అమ్మాయిని సూటిగా అడగండి, చాలా ఇళ్లలో అదే దాస్తారు. మేనత్త మరీ దూరమైపోతుందన్న టెన్షన్ వద్దు. డాలస్ నుంచి హ్యూస్టన్ సుమారు 385 కిలోమీటర్లు, కారులో నాలుగు గంటలు.

ఫీజు సంగతి. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీలో గెలుచుకున్న స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లుంటే, బయటివాళ్లకి కూడా లోకల్ ఫీజే వేసే వీలుంది. పార్ట్‌టైమ్ చేసి కట్టుకుంటుందిలే అనుకోకండి. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే, అదీ క్యాంపస్‌లోనే.

ఈ వారమే రెండు డిపార్ట్‌మెంట్లకీ మెయిల్ పెట్టమనండి: ఆ స్కాలర్‌షిప్ వస్తుందా, కోర్సులో ల్యాబ్ పని ఎంత, పోయినేడాది పిల్లలు ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారు? జవాబులు వచ్చాకే ఏ యూనివర్సిటీ ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) వాడాలో తేల్చుకుని సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల నమోదుకు అమెరికా ప్రభుత్వం తీసుకునేది) కట్టండి.