సెటప్ ఫైలు మీద సంతకం ఎవరిది?

చిరంజీవి రవికి దీవెనలు.

దిల్‌సుఖ్‌నగర్‌లో నెట్ సెంటర్ తెరుస్తున్నావు కాబట్టి ప్రింటర్ డ్రైవర్లు, పీడీఎఫ్ కన్వర్టర్లు, డీఎస్‌సీ టోకెన్ (మన డిజిటల్ సంతకపు సర్టిఫికెట్ ఉండే యూఎస్‌బీ) డ్రైవర్లు రోజూ డౌన్‌లోడ్ చేయక తప్పదు. వాటి వెంట టూల్‌బార్లు, 'పీసీ క్లీనర్లు', హోమ్‌పేజీ మార్చేసే చెత్త కూడా వచ్చి పడుతుంది. అందుకే డబుల్ క్లిక్ చేసేముందు సెటప్ ఫైలు మీద సంతకం, అంటే అది ఏ కంపెనీదో చెప్పే డిజిటల్ ముద్ర, చూసుకో. నిమిషం పని.

జిప్ అయితే ముందు విప్పు. ఈ సంతకం లోపలున్న సెటప్ ఫైలుకు (ఈఎక్స్‌ఈకో ఎంఎస్‌ఐకో) ఉంటుంది గానీ జిప్‌కి ఉండదు. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ తెరువు. ట్యాబ్ కనిపించింది కదా అని చాలామంది అక్కడే ఆగిపోతారు. వేరే ఫైలు నుంచి సంతకాన్ని కోసి అతికించినా ట్యాబ్ వస్తుంది, అందులో పెద్ద కంపెనీ పేరూ కనిపిస్తుంది. కాబట్టి ఆ పేరు మీద నొక్కి డీటెయిల్స్ తెరువు. పైన 'దిస్ డిజిటల్ సిగ్నేచర్ ఈజ్ ఓకే' అని ఉండాలి. 'నాట్ వాలిడ్' అని ఉంటే, సంతకం పడ్డాక ఫైలులో ఏదో మారిందనో, సంతకం చేసిందెవరో ధ్రువీకరించే సర్టిఫికెట్‌లో తేడా ఉందనో అర్థం. తయారీదారు సైటు నుంచి మళ్లీ డౌన్‌లోడ్ చెయ్యి, రెండోసారీ అదే వస్తే తీసి పారెయ్. ఈఎక్స్‌ఈలో సంతకం మామూలుగా ఫైలు చివర్న ఉంటుంది, అందుకే డౌన్‌లోడ్ మధ్యలో తెగితే అసలు ట్యాబే రాదు.

సర్టిఫికెట్ గడువు తీరిందని కంగారు పడకు. గడువు లోపల సంతకం చేసినట్టు టైమ్‌స్టాంప్ ఉంటే చెల్లుతుంది. కింద కౌంటర్‌సిగ్నేచర్స్ దగ్గర తేదీ కనిపిస్తుంది.

ఇప్పుడు పేరు చదువు. వీఎల్‌సీ వీడియో ప్లేయర్ సెటప్ మీద దాన్ని తయారుచేసే వీడియోలాన్ పేరు ఉండాలి. ఫైలు పేరు వీఎల్‌సీ, సంతకం మాత్రం ఎన్నడూ వినని మార్కెటింగ్ కంపెనీది అయితే, మధ్యలో ఎవడో తన సరుకు కలిపి చుట్టిన పొట్లం అది. సంతకం ఓకే అనే చూపిస్తుంది, ఎందుకంటే యాడ్‌వేర్ (ప్రకటనలు గుప్పించే సాఫ్ట్‌వేర్) అమ్మేవాడూ రిజిస్టరైన కంపెనీయే, డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు. ఆధార్ చూపించిన ప్రతివాడికీ ఇల్లు అద్దెకివ్వం కదా! అసలు కంపెనీ సంతకమున్నా ఒక్కోసారి మోసమే: 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే మాల్‌వేర్ (హానిచేసే సాఫ్ట్‌వేర్) డ్రైవర్ల మీద చిప్ కంపెనీ రియల్‌టెక్ నుంచి దొంగిలించిన సర్టిఫికెట్, 2017లో సిస్టమ్ శుభ్రం చేసే సీక్లీనర్ 5.33లో చెల్లే సంతకం కిందే మాల్‌వేర్. 2023 జూన్ నుంచి ఇలా సాఫ్ట్‌వేర్ మీద సంతకం చేసే రహస్య కీలను మన డీఎస్‌సీలాగే హార్డ్‌వేర్‌లోనే ఉంచాలి. దొంగతనం కష్టమైంది, అంతే.

సంతకమే లేకపోతే? ఏటా డబ్బు కట్టలేని చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్లకు ఉండకపోవచ్చు. సైటులో ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) ఇచ్చి ఉంటే, విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్‌లో హ్యాష్‌ఫైల్ ఆప్షన్‌తో, చివర SHA256 అని చేర్చి లెక్కకట్టి 64 అక్షరాలూ పోల్చు. నకిలీ సైటులో హ్యాష్ కూడా నకిలీదే ఉంటుంది, కాబట్టి అడ్రస్ సరిచూశాకే దీనికి విలువ. ప్రింటర్ డ్రైవర్‌కో, టోకెన్ డ్రైవర్‌కో సంతకం లేకపోతే మాత్రం ముట్టుకోకు.

ఫైళ్లను చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైటులో కూడా వేసి చూడు. ఫలితాల్లో పీయూఏ, పీయూపీ (అక్కర్లేని సాఫ్ట్‌వేర్), బండ్లర్ (వేరే సరుకు కలిపిన పొట్లం) అన్న మాటలు వస్తే వదిలెయ్. కస్టమర్ల ఆధార్, పాన్ ఫైళ్లు మాత్రం అక్కడ పెట్టకు, అక్కడికెళ్లిన ఫైలు ఇతరుల చేతికీ వెళ్లగలదు.

విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, అందులో రెప్యుటేషన్ సెట్టింగ్స్‌కి వెళ్లి 'పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్' ఆన్ చెయ్యి. కింద యాప్స్, డౌన్‌లోడ్స్ అని రెండు టిక్కులుంటాయి, రెండూ ఉండాలి. 'అన్నా, ఒక్కసారి ఆఫ్ చెయ్యవా' అని అడిగేవాళ్లు వస్తారు, ఒప్పుకోకు.

కస్టమర్లు కూర్చునే సిస్టమ్‌లన్నిటికీ స్టాండర్డ్ అకౌంటే పెట్టి, అడ్మిన్ పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉంచుకో. అడ్మిన్ అనుమతి కావాల్సిన సెటప్ ఏది నడిపినా పాస్‌వర్డ్ పెట్టె వచ్చి, దానిమీద పబ్లిషర్ పేరు కనిపిస్తుంది. అక్కడ 'అన్‌నోన్' అని ఉంటే నువ్వే లేచి వెళ్లి చూడు.

ఇట్లు,
మీ బాబాయి