చాంగ్షా వెళ్తున్న మా చిట్టికి

చిట్టీ,

నీకు చైనాలోని చాంగ్షాలో లెక్కల టీచర్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషం సగం, ఏడుపు సగం. "అక్కా, అది అక్కడేం తింటుందే?" అని నాలుగుసార్లు అడిగింది. నేను ఆరేళ్లు తిని బతికొచ్చానుగా అన్నా వినదు. తిండి సంగతి తర్వాత రాస్తాను. ముందు నా పరువు పోయిన కథ విను, నీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

నేను చేరిన రెండో రోజు. టైంటేబుల్లో మూడో అంతస్తు, రెండో గది అని ఉంది. మన అలవాటు ప్రకారం కిందిది గ్రౌండ్ ఫ్లోరు అనుకుని ఆయాసపడుతూ పైకెక్కాను. గదిలో అడుగుపెట్టగానే లీడర్ కుర్రాడు "ఛీలీ!" అని అరిచాడు. కంగారుపడకు, లేవండి అని అర్థం. ముప్పై మంది ఒక్కసారిగా లేచి "లావ్‌షీ హావ్" అని నమస్కారం పెట్టారు. ఇంత క్రమశిక్షణా అని మురిసిపోయి వర్గ సమీకరణాలు మొదలుపెట్టాను. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటున్నారు. పావుగంట గడిచాక చూస్తే గుమ్మం దగ్గర ఒక కుర్ర మాస్టారు కెమిస్ట్రీ పుస్తకం గుండెలకు హత్తుకుని నిలబడి ఉన్నాడు. మధ్యలో ఆపితే నేను చిన్నబుచ్చుకుంటానని ఆగాడట! అక్కడ నేలమీదున్నదే ఒకటో అంతస్తు. నా పిల్లలు సరిగ్గా నా కాళ్ల కిందున్న గదిలో టీచర్ లేక కూర్చున్నారు.

నవ్వుకున్నావా? ఇప్పుడు అసలు సంగతి. అక్కడ నువ్వు తప్పు చేస్తుంటే ఎవరూ మొహాన చెప్పరు. కారణం 'మ్యెన్‌జ', అంటే మొహం, మన మాటలో పరువు. అది నిలబెట్టడానికే మౌనంగా ఉంటారు. హోంవర్క్ ఇవ్వని ఏడుగురి పేర్లు ఒకసారి బోర్డు మీద ఎర్ర మార్కర్‌తో రాశాను. బ్రేక్ అయ్యాక వచ్చి చూస్తే అవే పేర్లు, అదే వరస, నల్ల రంగులో ఉన్నాయి. క్లాస్ టీచర్ చెరిపి మళ్లీ రాసిందట, నాతో మాత్రం ఒక్క ముక్క అనలేదు. మనిషి పేరు ఎర్రగా రాస్తే చావు కోరినట్టని వారం తర్వాత ఒక పిల్ల చెప్పింది. జవాబులు ఎర్రపెన్నుతో దిద్దుకో, ఫర్వాలేదు. పేర్ల జోలికి మాత్రం పోకు. ఎవరైనా "కొంచెం వీలు కాదేమో" అన్నారంటే అది గట్టి 'కాదు' అని తెలుసుకో. "ఆలోచిద్దాం" అన్నా అంతే. అందుకే ఒక మంచి తోటి టీచర్ని చూసుకుని, "నాకు తెలియక చేసినవి విడిగా చెప్పవా" అని మొదటి వారంలోనే అడిగిపెట్టుకో. నేను అడగడానికి ఏడాది పట్టింది.

కాగితాల విషయంలో నీకూ మాలాగే తిరుగుడు తప్పదు. 2023 నవంబర్ నుంచి చైనా అపోస్టిల్ (ఒక్క స్టాంపుతో ఒక దేశం కాగితాలు ఇంకో దేశంలో చెల్లే పద్ధతి) ఒప్పుకుంటోంది కానీ, మన దేశానికీ చైనాకీ మధ్య అది వర్తించదు, కాబట్టి డిగ్రీ మీద మన విదేశాంగ శాఖ స్టాంపు ఒక్కటే చాలదు, చైనా రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. ఉద్యోగానికిచ్చే జడ్ (Z) వీసా తప్ప ఇంకే వీసా మీదా వచ్చెయ్యమని ఎవరన్నా వినకు. దిగిన 24 గంటల్లో పోలీస్ స్టేషన్లో నీ ఇంటి అడ్రసు నమోదు కావాలి, 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టాలి. ఆ పర్మిట్ కోసం పాస్‌పోర్టు కొన్నాళ్లు వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు, అప్పుడు ప్రయాణాలు పెట్టుకోకు.

మన ఇంటిపేర్లతో ఇంకో తంటా. నా సిమ్ కార్డు మీద ఇంటిపేరు చివర వచ్చింది, బ్యాంకులో ముందు వచ్చింది, పైగా మధ్యలో ఖాళీ లేకుండా కలిపేశారు. ఫోన్‌లో డబ్బు కట్టబోతే నువ్వు నువ్వు కాదంది! బ్యాంకు చుట్టూ మూడుసార్లు తిరిగాను. కాబట్టి ఎక్కడ సంతకం పెట్టే ముందైనా వాళ్ల స్క్రీన్ మీద పేరు నీ కళ్లతో చూసుకో, పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే ఉండాలి.

బజారులో నాలుగుని 'సి' అంటారు, పదిని 'షి' అంటారు. చాంగ్షా వాళ్ల నోట్లో రెండూ 'సి'యే. వేళ్లు చూపించమను. అమ్మేవాడు రెండు చూపుడువేళ్లు అడ్డంగా పెడితే లేదంటున్నాడని వెనక్కి రాకు, పది అంటున్నాడు. నేను రెండు నెలలు కొత్తిమీర లేకుండా వండుకున్నాను.

ఇక మీ అమ్మ దిగులు. కారం గురించి భయం లేదు, చాంగ్షా ఉన్న హునాన్ ప్రాంతం వాళ్లు గుంటూరుకి వియ్యంకులే. చిక్కంతా మాంసంతోనే. 'రౌ' (మాంసం) వద్దు అంటే ముక్కలు తీసేసి ఖీమా చల్లుతారు, అది మాంసం లెక్కలోకి రాదు వాళ్లకి. "వో చీ సూ" అను, శాకాహారం తింటానని. గుడ్డు ఫర్వాలేదనుకుంటే టమాటా కోడిగుడ్డు వేపుడు ప్రతి హోటల్లో దొరుకుతుంది. పెరుగు మాత్రం తియ్యగా ఉంటుంది. తోడు మోసుకెళ్లక్కర్లేదు, గోరువెచ్చని పాలలో నాలుగైదు ఎండుమిరప తొడిమలు వేసి రాత్రంతా వెచ్చగా ఉంచు. మొదటిసారి అంతంతమాత్రంగా తోడుకుంటుంది, దాన్ని తోడుగా వేసిన రెండోది గట్టిగా వస్తుంది.

చలి గురించి ఒక్క మాట. హీటర్ గొట్టాలు ఉత్తరాన ఊళ్లకే. చాంగ్షా దక్షిణం కింద లెక్క, జనవరిలో క్లాసులో కోటు వేసుకునే పాఠం చెప్పాలి. లోపల వేసుకునే ఉన్ని బట్టలు రెండు జతలు పెట్టుకో. ఇంకోటి, పండగకి సెలవు ఇచ్చి, దాని బదులు శనివారమో ఆదివారమో బడి పెడతారు. క్యాలెండర్ ముందే అడిగి గోడకి అంటించుకో.

ఫోన్ సంగతి మరిచిపోయాను. వాట్సాప్ అక్కడ రాదు, అక్కడివాళ్లు వాడే వీచాట్‌ని మన ప్రభుత్వం 2020లో ఇక్కడ ఆపేసింది. నీ ఇండియా సిమ్ రోమింగ్‌లో పెట్టుకో, దాని మీద వాట్సాప్ వస్తుంది, బ్యాంకు ఓటీపీలు కూడా. ఖర్చు ఎక్కువ, వారానికోసారి చాలు. అక్కడ తొమ్మిదిన్నర అయితే ఇక్కడ ఏడు. ఆ టైంలో మాత్రం చెయ్యకు, మీ అమ్మ సీరియల్ చూస్తుంటుంది.

మీ పెద్దమ్మ