ఆరో తరగతి పిల్లాణ్ణి రెమెడియల్ క్లాసుకి పంపాలా, బడి మార్చాలా?

మీ అక్క కొడుకు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతి, చదవడం సరిగా రాదు, రోజూ ఓ గంట విడిగా కూర్చోబెట్టి రెమెడియల్ క్లాసు చెబుతామని సార్లు అంటున్నారు, "మొద్దుల క్లాసు" అని పేరు పడుతుందని అక్క ఒప్పుకోవడం లేదు, ప్రైవేటు బడికి మార్చేద్దామంటోంది అని రాశారు.

పంపమనండి. ఆమె బెంగ ఉత్తదేం కాదు, నీ కొడుక్కి చదవడం రాదని పిలిచి చెబితే ఏ తల్లికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ బడి మారిస్తే చదవడం వచ్చేయదు. అక్కడా ఆరో తరగతి పుస్తకమే ముందు పెడతారు. పైగా ఫీజు.

నేను తెలంగాణలో ప్రభుత్వ బడుల్లో పదిహేడేళ్లుగా చెబుతున్నాను. మొదట్లో నేను పనిచేసిన ఓ బడిలో ఈ క్లాసు నడిచిన తీరు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది. సాయంత్రం బడి వదిలాక, తక్కువ మార్కులొచ్చిన వాళ్లందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, పొద్దున చెప్పిన పాఠమే మళ్లీ చెప్పేవాళ్లం. రిజిస్టరు నిండేది. పిల్లలు బోర్డు మీదిది చూసి రాసుకునేవాళ్లు.

ఆ గదిలో ఒకమ్మాయి ఉండేది. దస్తూరి ముత్యాల్లా ఉండేది, నోట్సు ఎప్పుడూ పూర్తయ్యేది. ఒకరోజు నోట్సు మూయించి, చిన్న వాచకం ఇచ్చి చదవమన్నాను. "రాము తోటలో మామిడి కాయ కోశాడు" గబగబా చదివేసింది. తర్వాతి వాక్యం "చెట్టు కింద కుక్క పడుకుంది". "చె... చెటు కింద కుక..." అని ఆగి నా మొహం వైపు చూసింది. గుణింతాలన్నీ వచ్చు, ఒత్తుల దగ్గర ఆగిపోయింది. ఎప్పుడో రెండో తరగతిలో ఆగిపోయి ఉంటుంది. నోట్సు నిండుగా ఉండడంతో ఏ ఒక్కరమూ కనిపెట్టలేదు, నాతో సహా. ఆ పిల్లకి ఆరో తరగతి సాంఘికశాస్త్రం రెండోసారి చెబితే ఏం లాభం?

ఆ తర్వాత నెలన్నర పాటు ఆమెకి పాఠాలు పక్కనపెట్టి ఒత్తులే చెప్పాను. గడి–గడ్డి, కల–కల్ల, ఇలా జంటలు రాసి, పక్కపక్కన పెట్టి చదివించడం. దసరా సెలవులయ్యాక బొమ్మల కథల పుస్తకం ఒకటి తనంతట తనే అడిగి తీసుకెళ్లింది.

లెక్కల్లోనూ అంతే. 52లోంచి 37 తీసేయమంటే 25 అని రాసే పిల్లలు హైస్కూల్లో చాలామంది ఉంటారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి, ఏడులోంచి రెండు తీసేస్తారు. అదీ ఒక పద్ధతే వాళ్లకి, రోజూ అదే పద్ధతిలో తప్పు చేస్తారు. పదులు, ఒకట్లు పుల్లల కట్టలతో చూపించి ఒక కట్ట విప్పిస్తే, అప్పు తెచ్చుకోవడం అంటే ఏంటో అప్పుడు తెలుస్తుంది.

ఇలా పిల్లాడు ఆగిన చోటు నుంచి మొదలుపెట్టడం ఉపయోగపడుతుందని పరీక్షించి చూశారు కూడా. 2000ల మొదట్లో వడోదర, ముంబై మున్సిపల్ బడుల్లో 3, 4 తరగతుల్లో వెనుకబడిన పిల్లల్ని రోజూ రెండు గంటలు విడిగా తీసుకెళ్లి, 'బాలసఖి' అనే స్థానిక యువతి చేత చదవడం, లెక్కలు చెప్పించారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు ఆ ఫలితాలు కొలిచారు. అందరికన్నా వెనుకబడిన పిల్లలే బాగా ముందుకొచ్చారు. క్లాసులో మిగిలిన పిల్లలకి, గదిలో పిల్లలు తగ్గినా, తేడా ఏమీ రాలేదు. అంటే పిల్లల సంఖ్య తగ్గితే సరిపోదు, చెప్పేది మారాలి.

మూడో తరగతి దాటేలోపు పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద 2022–23 నుంచి మన దగ్గర ప్రైమరీ బడుల్లో తొలిమెట్టు అనే కార్యక్రమం నడుస్తోంది. మీ వాడు ఆ వయసు దాటి హైస్కూలుకొచ్చేశాడు, అందుకే ఇప్పుడు ఆ సార్లు అడుగుతున్న గంట పోగొట్టుకోవద్దంటున్నాను.

అక్క బడికి వెళ్లి రెండు విషయాలు అడగాలి. ఒకటి, మా వాడు అక్షరాలు, పదాలు, పేరా, కథ, వీటిలో ఎక్కడ ఆగాడు? ఇది చెప్పలేకపోతే ఆ క్లాసు కూడా నేను చెప్పిన పాత గదిలాంటిదే, అప్పుడు గట్టిగా అడగాల్సిందే. రెండు, ఆ గంట ఏ పీరియడ్లో? ఆటల పీరియడ్ తీసేసి పెడితే వద్దనండి. పిల్లాడు దాన్ని శిక్ష అనుకుంటాడు. పేరు పడడం సంగతికొస్తే, మా బడిలో ఇప్పుడు ఆ గంటలో 6, 7 తరగతుల పిల్లలందర్నీ స్థాయిని బట్టి గుంపులు చేస్తాం. అందరూ ఏదో ఒక గుంపుకి వెళ్తారు కాబట్టి వేలెత్తి చూపడానికి ఎవరూ మిగలరు. హెడ్‌మాస్టరుని అలా చేయమని అడగొచ్చు, స్కూల్ కమిటీ మీటింగులో తల్లిదండ్రులు లేవనెత్తితే ఇంకా మంచిది.

ఈ రాత్రికి మీ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించండి. తప్పు దిద్దకండి, విసుక్కోకండి, వింటూ ఎక్కడ ఆగుతున్నాడో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఆ మాటలు ఇక్కడ రాయండి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెబుతాను.