డర్త్ అనే మాట వాడేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఇంగ్లీషు వ్యాసం చదివాను. కొరత అనాల్సిన ప్రతిచోటా డర్త్ (dearth) పెట్టేశావు. మాట మంచిదే, చాలాచోట్ల అతకలేదు.

ముందు పలకడం సంగతి. స్పెల్లింగు చూసి డియర్త్ అనకు, బర్త్‌తో ప్రాస కుదరాలి. వార్మ్ నుంచి వార్మ్త్ వచ్చినట్టే ఇది డియర్ నుంచి వచ్చింది. డియర్ అంటే ఇష్టమైనదే కాదు, ఖరీదైనది కూడా. మన ‘ప్రియం’ లాగే. సరుకు దొరక్కపోతే ధర మండుతుంది కదా, అలా ఒకప్పుడు డర్త్ అంటే కరవు. ఇప్పుడు ఉండాల్సినంత లేకపోవడం.

ఇది నామవాచకం మాత్రమే. ‘వాటర్ ఈజ్ డర్త్’ అని రాశావు, అక్కడ కావాల్సింది ‘స్కేర్స్’. డర్త్‌కు ముందు సాధారణంగా ‘ఎ’, వెనక ‘ఆఫ్’ వస్తాయి: ‘దేర్ ఈజ్ ఎ డర్త్ ఆఫ్ గుడ్ ట్రాన్స్‌లేటర్స్’. చివర్లో బహువచనం కనబడేసరికి చెయ్యి ‘ఆర్’ వైపు పోతుంది. కానీ క్రియ కలవాల్సింది డర్త్‌తో, కాబట్టి ‘ఈజ్’. ‘డర్త్ ఫర్’ అనేది తప్పు. కొరతేమీ లేదనాలంటే ‘నో డర్త్ ఆఫ్’, అప్పుడు ‘ఎ’ ఉండదు.

ఇక ఎక్కడ ఏది? ఇంధనం, మందులు, సిబ్బంది అవసరానికి చాలకపోతే షార్టేజ్. వనరే పరిమితమైతే స్కేర్సిటీ. అర్థశాస్త్రంలో తరచూ కనబడేది ఇదే. ఆధారాలు, ఆలోచనలు, ప్రతిభ, మంచి అనువాదకులు లాంటివి అరుదైతే డర్త్ చక్కగా కూర్చుంటుంది. లాక్ అన్నిటికంటే వాడుక మాట: అసలు లేకపోయినా, చాలకపోయినా సరిపోతుంది. అనుమానం వస్తే అదే రాయి, ఎవరూ తప్పుపట్టరు. కొరతకే ఇంకో బరువైన మాట పాసిటీ (paucity), దాన్ని పరిశోధన పత్రాలకు వదిలెయ్.

డర్త్ కాస్త గంభీరమైన రాతమాట. చేతిలో డబ్బు లేదని స్నేహితుడికి చెప్పేటప్పుడు ‘ఐ హావ్ ఎ డర్త్ ఆఫ్ మనీ’ అంటే నవ్వుతాడు. ‘ఐయామ్ షార్ట్ ఆఫ్ మనీ’ అను.

స్కేర్స్‌లీతో జాగ్రత్త. ‘ఐ స్కేర్స్‌లీ నో హిమ్’ అంటే అతను నాకు తెలిసీ తెలియనట్టే అని. అక్కడ సరుకు కొరత ప్రసక్తే లేదు.

మందుల గురించి రాసిన పేరాలో ‘డర్త్’ కొట్టేసి ‘అక్యూట్ షార్టేజ్’ పెట్టు. మిగతావి నువ్వే దిద్ది మళ్లీ పంపు, చూస్తాను.